బాపమ్మ బాకీలు

నాయనమ్మను మా వైపు బాపమ్మ అంటారు. కోస్తా జిల్లాల వారికి ఈ పిలుపు కొత్తగా తోచవచ్చుగాని, జనగామ, మానుకోట ప్రాంతాల వారికి ఆ మాట వినగానే ఎవరి బాపమ్మ వారికి గుర్తుకు వస్తుంది.

మా బాపమ్మకు చదువు రాదు. సంతకానికి బదులు వేలిముద్ర వేసేది. అయినా ఆమెకొక ఖాతా వుండేది. అది పుస్తకం కాదు. దేవుని గూట్లో, పసుపు కుంకుమల గిన్నెల వెనక, మూతికి పాత గుడ్డ కట్టిన ఒక చిన్న మట్టి గురిగి. దాన్నిండా చింతగింజలు. ఎవరైనా ఆమెకు మేలు చేస్తే, ఆ చేసినవాడు మనిషి కానీ దేవుడు కానీ, ఒక గింజ అందులో పడవలసిందే. ఆ మేలుకు తిరిగి మేలు చేసిననాడు ఒక గింజ తీసి పెరట్లోకి విసిరేసేది. ఏ గింజ ఎవరిదో ఆమెకొక్కతెకే తెలుసు. గింజలన్నీ ఒక్కలాగే వుంటాయి కదా అని చిన్నప్పుడు అడిగితే, "నీకు ఒక్కతీరుగ కనబడ్తయి బిడ్డా, నాకు మొగాలు కనబడ్తయి" అన్నది.

నేను పాతికేళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నాను. బాకీల లెక్కలు చూడడమే నా వృత్తి. అంత నికరమైన ఖాతా నేను మరెక్కడా చూడలేదు. ఆ గురిగిలో ఒక గింజ నాది. దాని కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

* * *

బాపమ్మ పుట్టింది పాలకుర్తికి దగ్గరి పల్లెలో, 1934 ప్రాంతంలో. అప్పటికి జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో వుండేది. 1953లో వరంగల్లులో కలిసింది. 2016 అక్టోబరు 11న వరంగల్లు జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలయ్యాయి. ఆమె పుట్టిన వూరొక జిల్లాలో, మెట్టిన వూరొక జిల్లాలో, కన్నుమూసిన వూరొక జిల్లాలో పడ్డాయి. ఆ పంపకం చూడకుండానే ఆమె వెళ్ళిపోయింది. ఆమె లెక్కకు అంతా వరంగల్లే.

పాలకుర్తి అనగానే చదువుకున్నవారికి పాల్కురికి సోమనాథుడు గుర్తుకు వస్తాడు. పక్కనే బమ్మెర, పోతన వూరు. బాపమ్మకు కవుల గొడవ తెలియదు. ఆమెకు తెలిసింది గుట్ట. ఒకే గుట్టమీద ఇటు సోమేశ్వరుడు, అటు లక్ష్మీనరసింహుడు. పూర్వం ఒక ముసలామె గుట్ట చుట్టూ ప్రదక్షిణం చేయలేక కూలబడితే, శివుడు గుట్టనే చీల్చి ఆమెకు దగ్గరి దారి ఇచ్చాడని అక్కడి వారు చెప్పుకుంటారు. బాపమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర తన మాట ఒకటి కలిపేది: "దేవుడు దారి ఇచ్చిండు సరే. ఆ ముసల్ది మల్ల ఏమిచ్చిందో ఎవ్వలు చెప్పరు. గదే నాకు సమజ్ గాదు."

ఆమె బాల్యం కథలు వినే బాల్యం కాదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు పొలంలోని పంటను విసునూరు దేశముఖ్ మనుషుల పాలు కానీయకుండా, సంఘం అండతో ఇంటికి చేర్చుకున్న కాలమది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. అప్పటికి బాపమ్మకు పన్నెండేళ్ళు. పెద్దలు గుసగుసలాడుకొనే మాటలు పిల్లల చెవిన పడుతూ వుండేవట.

1948 వానకాలంలో ఒక రాత్రి రజాకార్లు వస్తున్నారన్న కేక లేచింది. మగవాళ్ళు అప్పటికే పొలాలు పట్టి పోయారు. బాపమ్మ, వాళ్ళమ్మ చీకట్లో పరుగెత్తి దారి తప్పి పక్క పల్లెలోని ఒక దూదేకుల ముసలమ్మ ఇంటి ముందు పడ్డారు. ఆమె ముస్లిము. ఎవరు, ఏమిటి అని అడగలేదు. లోపలికి లాగి, ఏకిన దూదికుప్పలో ఇద్దరినీ కప్పి, పైన చాప వేసిందట. రజాకార్లు గడప దాకా వచ్చి, తమవాళ్ళ ఇల్లే కదా అని మళ్ళిపోయారట. మూడు రోజులు ఆ దూదిలోనే తిండి, నిద్ర. "ముక్కుల్లకు దూది పోయి తుమ్మొస్తుంటె, మా అమ్మ నా మూతి మూసింది" అని నవ్వుతూ చెప్పేదిగాని, చెప్పి చాలాసేపు మళ్ళీ మాట్లాడేది కాదు.

ఆ సెప్టెంబరులోనే భారత సైన్యం వచ్చింది. నిజాం లొంగిపోయాడు. మరుసటి ఏడు బాపమ్మ పెళ్ళి జరిగింది. ఆ ముసలమ్మను చూడటానికి మళ్ళీ వెళ్ళేసరికి ఆమె లేదు. ఇల్లు కూలిపోయి వుంది. బాకీ తీర్చడానికి మనిషి మిగలలేదు. అప్పటినుంచి ఏటా పీర్ల పండుగకు బాపమ్మ మలీద ముద్దలు చేసి పీర్ల ముందు పెట్టి వచ్చేది. పీరు వీధిలోకి వస్తే బిందెడు నీళ్ళు ఆరబోసేది. ఏడాది తప్పలేదు. కాని ఆ గింజను మాత్రం గురిగిలోంచి తీయలేదు. "మలీదకు పానం తీరుతదా?" అనేది.

* * *

మెట్టిన వూరు మానుకోట దగ్గర, కురవి పక్కన. కాగితాలలో మహబూబాబాద్ అని వున్నా నోటికి మానుకోటే వస్తుంది. కురవి వీరభద్రస్వామి ఆ చుట్టుపక్కల అన్ని కులాలకూ ఇంటి దేవుడు. కోరమీసాల దొర. శివరాత్రికి జాతర.

వీరభద్రుడు రౌద్రమూర్తి అని అందరూ భయపడతారు. బాపమ్మకు ఆ భయం లేదు. పాలివాళ్ళతో మాట్లాడినట్లే మాట్లాడేది. ఒకసారి పాడిబర్రె తప్పిపోతే గుడికి పోయి, "బర్రె దొరికితే నీకు పావుశేరు నూనె. దొరకకపోతే నీ దీపానికి నెయ్యి కూడ బందు, జూస్కో" అని ఖరాఖండిగా చెప్పి వచ్చిందట. సాయంత్రానికి బర్రె దొరికింది. పావుశేరు కాదు, అర్ధశేరు పోసింది. తిట్టినందుకు పావుశేరు జుర్మానా అట!

2017లో శివరాత్రినాడు తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కురవికి వచ్చి, రాష్ట్రం సిద్ధిస్తే ఇస్తానన్న మొక్కు ప్రకారం స్వామికి బంగారు మీసాలు సమర్పించారు. దానిమీద దేశంలో ఎన్నో వాదాలు నడిచాయి. నేను మాత్రం బాపమ్మనే తలుచుకున్నాను. ఆమె వుంటే వాదంలోకి దిగేది కాదు. "మొక్కినోడు ఇయ్యాలె గద" అని వూరుకొనేది.

కురవికి దిగువన డోర్నకల్ జంక్షన్. ఇంగ్లండు సంఘపు క్రైస్తవుల్లో బిషపు పదవి అందుకొన్న మొదటి భారతీయుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న ఆ పదవి స్వీకరించి డోర్నకల్లోనే కొలువుండినాడు. ఆయన కట్టించిన పెద్ద దేవాలయం 1939లో ప్రతిష్ఠ అయింది. స్తంభాలు మన గుళ్ళ తీరు, పైన గుమ్మటాలు మసీదు తీరు. మా నాన్న పుట్టినప్పుడు బిడ్డ అడ్డం తిరిగితే, రాత్రికి రాత్రి ఎడ్లబండి మీద వచ్చి పురుడు పోసిన నర్సమ్మ డోర్నకల్ వైపు క్రైస్తవురాలు. ఆమె బతికినన్నాళ్ళూ ప్రతి క్రిస్మసుకూ మా ఇంటినుంచి అరిసెల గంప వెళ్ళేది. ఆమె పోయిననాడు బాపమ్మ దినమంతా పస్తు వుండి, సాయంత్రం ఒక గింజ తీసి విసిరేసింది. "ఈమె పున్నెమా అని ఇన్నేండ్ల సంది ఇచ్చుకునే యోగం దొరికింది. తీరింది" అన్నది.

ఇది చదివి బాపమ్మను గొప్ప సంస్కర్త అనుకోకండి. మడి విషయంలో మా అమ్మను సతాయించిన రోజులున్నాయి. మంగళవారం కత్తెర ముట్టనిచ్చేది కాదు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపేది. ఆమె నమ్మకాల్లో సగం నేటికీ నాకు నమ్మశక్యం కావు. ఒక్కటి మాత్రం ఏనాడూ కాదనలేకపోయాను: ఎవరి మేలూ వూరికే వుంచుకోకూడదన్నది.

* * *

ఇక నా గింజ సంగతి. 1984 వర్షాకాలంలో నాకు ఎనిమిదేళ్ళు. టైఫాయిడ్ జ్వరం మూడు వారాలు దిగలేదు. మానుకోటలో డాక్టరుగారు మంచి మందులే ఇస్తున్నారుగాని ఒంట్లో సత్తువ లేకుండా పోయింది. ఒకరాత్రి నేను ఎవరినీ గుర్తుపట్టలేదట. బాపమ్మ వాకిట్లోకి వెళ్ళి, తూర్పున అడవివైపు తిరిగి కొంగు పట్టి, "సమ్మక్క తల్లీ, సారలమ్మా! వీన్ని నాకియ్యిండ్రి. వీనెత్తు బంగారం మీకిస్త" అని మొక్కింది.

మేడారం సంగతి తెలియని పాఠకులకు ఒక మాట. అక్కడ బంగారమంటే బెల్లం. మొక్కుకున్న మనిషి బరువుకు సరితూగే బెల్లాన్ని 'నిలువెత్తు బంగారం' అంటారు. సమ్మక్క కోయల ఆడబిడ్డ. కరువుకాలంలో కప్పం కట్టలేమన్న కోయలమీద కాకతీయ సేనలు విరుచుకుపడితే, ఎదిరించి పోరాడి చిలకలగుట్టలో అదృశ్యమైందని అక్కడి కథ. కూతురు సారలమ్మ, భర్త పగిడిద్దరాజు, అల్లుడు గోవిందరాజు ఆ పోరులోనే ఒరిగారు. కొడుకు జంపన్న పడిన సంపెంగవాగు జంపన్నవాగు అయింది. రెండేళ్ళకొకసారి మాఘమాసంలో, పున్నమి ప్రాంతంలో జాతర. పగిడిద్దరాజు పూనుగొండ్లనుంచి వస్తాడు. అది ఇప్పుడు మా మహబూబాబాద్ జిల్లాలోనిదే. బాపమ్మ లెక్కకు సమ్మక్క 'మన మానుకోట కోడలు'.

నాకు జ్వరం దిగింది. గురిగిలో రెండు గింజలు పడ్డాయి. ఒకటి డాక్టరుగారిది, ఒకటి అమ్మవార్లది. మందులతో తగ్గింది కదా, రెండోది ఎందుకని మా నాన్న అడిగితే, "మందు డాక్టరిచ్చిండు. ఆ మందు వీని ఒంటికి వట్టెటట్టు తల్లులు జేసిండ్రు. ఎవ్వల బాకి వాల్లదే" అన్నది. ఆ ఏడు డాక్టరుగారింటికి తట్టెడు పెసర్లు, ఒక కోడిపుంజు వెళ్ళాయి. ఆ గింజ తీరింది.

నా బరువు అప్పుడు పందొమ్మిది కిలోలు. వెంటనే జాతర వుంటే అప్పుడే తీరిపోయేది. 1986 జాతరనాటికి మా తాతయ్య పోయి ఏడు నిండలేదు. 1988లో పంట లేదు, చేతిలో పైస లేదు. 1990లో డబ్బు కూడబెట్టింది. ఈసారి నేనే రాలేదు.

అప్పటికి నేను హనుమకొండలో హాస్టలులో చదువుతున్నాను. పద్నాలుగేళ్ళు. కొత్తగా పుస్తకాలు చదివి ప్రపంచమంతా తెలిసిందనుకొనే వయసు. "కట్టెలకు, కుంకుమ భరిణెకు బెల్లం పోసేకంటే బీదవాళ్ళకు పంచరాదా?" అన్నాను. బాపమ్మ కోపగించుకోలేదు. "ఆ బెల్లం ఏడికి పోతదనుకున్నవురా?" అని మాత్రం అడిగింది. నేను జవాబు వినడానికి ఆగలేదు.

ఆ తరువాత అది మా ఇద్దరి మధ్య వేళాకోళమైంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా నన్ను పైకీ కిందికీ చూసి, "నలభై దాటినవ్. బాకి పెరుగుతాంది. తల్లులు వడ్డి గుంజుతాండ్రు" అనేది. నేను బ్యాంకులో చేరిన 1998లో, "యాభై ఎనిమిదా? ఇగ కడుపునిండ తినకు బిడ్డా, నేను కట్టలేను" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వులోని తొందర నాకు అర్థం కాలేదు.

* * *

మా చిన్నాన్నకు భూపాలపల్లి సింగరేణి గనిలో ఉద్యోగం. 1993నుంచి బాపమ్మ అక్కడే వుంది. గని సైరను కూసినప్పుడల్లా, అది పగలు కానీ రాత్రి కానీ, లేచి కూర్చుని చేతులు జోడించేది. చిన్నాన్న ఒక్కడికోసమే కాదట. "దిగేటోల్లందరు ఎక్కాలె."

సమీపంలోనే గణపురం కోటగుళ్ళు. కాకతీయ గణపతిదేవుని కాలపువి. చుట్టూ చిన్న గుళ్ళు కూలి, కొన్నింట్లో విగ్రహాలు కూడా లేవు. బాపమ్మ కార్తీకంలో అక్కడికి వెళితే, ఆ ఖాళీ గుళ్ళముందు కూడా దీపం పెట్టేది. "దేవుడే లేడు కదా బాపమ్మా" అంటే, "ఒకనాడు ఉండె గద. అప్పుడెవ్వలకో మేలు జేసే ఉంటడు" అన్నది.

2000 సంవత్సరం జాతరకు ముందు ఆమె ఎదురింటి ఫోనునుంచి నాకు హైదరాబాదు ఫోను చేయించింది. ఫోనులో గట్టిగా మాట్లాడకపోతే వినపడదని ఆమె నమ్మకం. "ఈసారన్న రారా. మోకాల్లు ఆగుతలెవ్వు. మల్ల జాతరకు ఉంటనో లేనో" అని కేక వేసింది. నేను సెలవు దొరకదన్నాను.

సెలవు వుంది. పన్నెండు రోజులు మిగిలి వున్నాయి. ఆ జనంలో, ఆ దుమ్ములో, తక్కెడలో కూర్చోవడానికి నాకు నామోషీ. అంతే. ఈ మాట నేను ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"సరే బిడ్డా, నౌకరి పైలం" అని ఫోను పెట్టేసింది.

2001 నవంబరులో బాపమ్మ పోయింది. కార్తీక దీపాలు పెట్టి వచ్చి పడుకున్నది మళ్ళీ లేవలేదు. అస్థికలు కాళేశ్వరం తీసుకుపోయాం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. సరస్వతి అంతర్వాహిని అంటారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు, అంటే శివుడు. ముందు యముణ్ణి కొలిచి తరువాత శివుణ్ణి కొలవాలి. అక్కడి అయ్యగారు ఆ వరస చెబుతుంటే, ముందు బాకీ, తరువాత ముక్తి అని బాపమ్మే చెబుతున్నట్లు వినిపించింది. అప్పటికింకా అక్కడ వంతెన లేదు. ఆవలి ఒడ్డు సిరొంచకు పోయే పడవలు తేలుతున్నాయి. నీళ్ళలో చేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

పెద్దదినం అయ్యాక చిన్నమ్మ దేవునిగూడు సర్దుతూ గురిగి తెచ్చి నా చేతిలో పెట్టింది. గుడ్డ విప్పి చాపమీద బోర్లించాను. ఒకప్పుడు దాన్నిండా వుండే గింజలు ఏమైనాయో, మూడే మూడు మిగిలాయి. అరవై ఏళ్ళలో ఒక్కొక్కటే తీర్చుకుంటూ వచ్చింది. గురిగి అడుగున మడిచిన ఒక గుడ్డమూట. విప్పితే అన్నీ పదులు, ఐదులు. లెక్కపెడితే ఎనిమిది వందల నలభై. మూటలో ఒక బెల్లం ముక్క కూడా వుంది, ఎందుకిచ్చిన డబ్బో మరిచిపోకుండా.

* * *

2002 జాతరకు నేను పదిరోజులు సెలవు పెట్టాను. భూపాలపల్లి బజారులో కిరాణా కొట్టువాని పెద్ద తక్కెడలో కూర్చున్నాను. అరవై ఆరు కిలోలు. వీధిలో వాళ్ళు నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. పక్కన కూరగాయలు అమ్మే ఆమె లేచి నిలబడి దండం పెట్టింది. బాపమ్మ మూటకు మిగతాది నేను కలిపి బెల్లం కొన్నాం.

బుధవారం సారలమ్మ కన్నెపల్లినుంచి వచ్చింది. గురువారం సాయంత్రం చిలకలగుట్టనుంచి సమ్మక్క. కుంకుమ భరిణె రూపంలో ఆమెను వడ్డె పట్టుకొని దిగుతుంటే పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం పలికాడు. ఒకనాడు రాజుగారి సేనలు చంపవచ్చిన ఆడబిడ్డకు సర్కారు తుపాకి వందనం చేస్తున్నది. మరునాడు జంపన్నవాగులో మునిగి, బెల్లం బుట్టలు నెత్తిన పెట్టుకొని, జనంలో నాలుగు గంటలు నడిచి గద్దెల దగ్గరికి చేరాం. బెల్లం పోశాను. ఏం మొక్కాలో తెలియలేదు. "ఆలస్యమైంది" అన్నాను, అంతే.

అందులో కొంత ప్రసాదంగా వెనక్కు తెచ్చుకున్నాం. చిన్నమ్మ దాన్ని కొట్టి ముక్కలు చేసి కాలనీలో ఇంటింటికీ పంచింది. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, గుడిసెల్లో పిల్లలు, మసీదు వీధివాళ్ళు, బస్టాండు ముందు అడుక్కొనేవాళ్ళు అందరూ చేయి చాచి కళ్ళకద్దుకొని తిన్నారు. అది అయిపోవడానికి పదిరోజులు పట్టింది. బెల్లం ఎక్కడికి పోతుందో పన్నెండేళ్ళ తరువాత నాకు తెలిసింది. ఆ జవాబు బాపమ్మ నోట విని వుండవలసింది.

నాకు భక్తి కుదిరిందా అని అడిగితే, కుదిరిందని చెప్పలేను. అమ్మవార్లు విన్నారో లేదో తెలియదు. కాని ఆ రాత్రి గురిగిలోంచి ఒక గింజ తీసి పెరట్లో విసిరాను.

రెండు మిగిలాయి. ఒకటి దూదేకుల అవ్వది. అది తీరేది కాదు. ఏటా పీర్ల పండుగకు మా ఇంట్లో మలీద చేస్తూనే వున్నాం. రెండోది ఎవరిదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏ మేలు, ఎవరు చేసినది, ఎందుకు తీర్చలేకపోయిందో. చుట్టాలందరినీ అడిగాం. ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ గింజ గురిగిలోనే వుంది. దాని యజమాని ఎవరో తెలియదు కనుక, మా గడప తొక్కిన ప్రతివాడూ ఆయనే కావచ్చునని మా ఇల్లాలు అంటుంది. అందుకే మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు మంచినీళ్ళు, ఒక బెల్లం ముక్క.